కొండది ఏ పార్టీ

సెప్టెంబర్ 9, మంగళవారం

బేకరీలో నోరు విప్పితే చాలు, అది ఏదో ఒక పార్టీ మాటైపోతోంది. "వాన పడేలా ఉంది" అన్నాను ఇవాళ. కొత్త రోడ్డు కొట్టుకుపోవాలని కోరుకుంటున్నావా అని ఒకాయన నవ్వాడు. ఇంకొకావిడ మొహం మాడ్చుకుని రొట్టె తీసుకుని వెళ్ళిపోయింది. అందుకే ఇకనుంచి మాట్లాడాలనిపించినదంతా ఇక్కడ రాసుకుంటాను. దీన్ని చదివేవాళ్ళు లేరు కాబట్టి దీనికి రంగు పూసేవాళ్ళూ లేరు.

ఎన్నికలు అక్టోబర్ పన్నెండున, ఆదివారం. పచ్చవాళ్ళు పొద్దున్నే వచ్చి మొదటి వాయి రొట్టెలు కొనుక్కుపోతున్నారు. వాళ్ళు వెళ్ళారని చూసుకుని నీలంవాళ్ళు రెండో వాయికి వస్తున్నారు. పిండి మాత్రం ఒకే తొట్టిలో కలుపుతున్నాను. నేను ఎవరి పక్షమూ కాదు.

బట్టీ వెనక గోడలో వెంట్రుకంత చీలిక. వేడికి గోడలు అలా విచ్చుకుంటాయి. సున్నం పూశాను.

సెప్టెంబర్ 13, శనివారం

మరిగో పెద్దమ్మ ఇవాళ కర్ర పట్టుకుని పైవాడ మెట్లన్నీ దిగి వచ్చింది. ఇంటి తలుపు మూసుకోవడం లేదట.

"వానలకి ఉబ్బి ఉంటుంది పెద్దమ్మా" అన్నాను.

"తలుపు ఉబ్బలేదే ఎవాంథియా, ఇల్లే ఒరిగింది. పొద్దున బల్ల మీద నారింజ పండు పెడితే దొర్లుకుంటూ వెళ్ళి నేల మీద పడింది."

అదే సమయానికి ఆర్గిరిస్ అన్నయ్య లోపలికి వచ్చాడు. ప్రెసిడెంటు అయినప్పటినుంచి అన్నయ్య ఎక్కడికి వచ్చినా ముందు ఎవరెవరున్నారో చూసి ఆ తర్వాత పలకరిస్తాడు.

"ఏం పెద్దమ్మా, ఈ మాట చెప్పి రమ్మని మీవాడు పంపాడా?"

"మావాడు నా తలుపు వంక కూడా చూడలేదురా. నీ పోస్టర్లు చింపే పనిలో ఉన్నాడు."

అన్నయ్య నవ్వాడు గానీ కూర్చోలేదు. పెద్దమ్మ కొడుకు లాంబ్రోస్ ఈసారి నీలంవాళ్ళ తరఫున అన్నయ్య మీద నిలబడ్డాడు. నిరుడు పైవాడ కింద కొండని తొలిచి అన్నయ్య వేయించిన రోడ్డు వల్లే ఇళ్ళు కదులుతున్నాయని నీలం కాఫీ కొట్టులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే మాట. అవి ఎప్పటివో భూకంపం నాటి చీలికలని పచ్చ కాఫీ కొట్టులో జవాబు.

ఒకప్పుడు ఈ ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. లాంబ్రోస్ కూతురికి చర్చిలో బాప్తిస్మం ఇప్పించినప్పుడు అన్నయ్యే జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. బావా అంటే బావా అని పిలుచుకునేవాళ్ళు. పోయిన ఎన్నికల తర్వాత ఆ పిలుపు నేను వినలేదు.

సెప్టెంబర్ 18, గురువారం

జిల్లా కేంద్రం నుంచి భూగర్భ శాఖ ఆఫీసరు వచ్చింది. పేరు ఇస్మిని. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. బురద బూట్లు, భుజాన బరువైన సంచి. బస్సు దిగి మంచినీళ్ళు కూడా తాగలేదు, అప్పుడే ఊరంతా ఒకటే ప్రశ్న: ఈవిడ ఎవరి మనిషి?

పచ్చ ప్రభుత్వం పంపింది కాబట్టి పచ్చే అని నీలం కొట్టులో. ఉద్యోగం నీలం మంత్రుల రోజుల్లో వచ్చి ఉంటుంది కాబట్టి నీలమే అని పచ్చ కొట్టులో. ఆవిడ ఏం చూడటానికి వచ్చిందో మాత్రం ఎవరూ అడగలేదు. రెండు కొట్లూ దాటుకుని నా బేకరీకి వచ్చి కూర్చుంది.

"ఏ కొట్టులో కాఫీ తాగితే ఆ పార్టీ అయిపోతారమ్మా, చూసుకోండి" అన్నాను.

"నాకు అసలు కాఫీయే పడదులెండి. కడుపులో మంట."

చాలా రోజులకి నవ్వాను.

ఇళ్ళ గోడల్లో చీలికలున్నచోట, ఈ అంచునీ ఆ అంచునీ పట్టుకునేలా సన్నని గాజు పట్టీలు జిప్సంతో అతికిస్తోంది. గాజు సాగదు కదా, కొండ ఏమాత్రం కదిలినా పట్టీ విరుగుతుందట. పైవాడలో చాలా ఇళ్ళకీ, చర్చికీ, మరిగో పెద్దమ్మ గోడకీ అతికించింది. వెళ్ళబోతూ అడిగింది, మీ దగ్గరేమైనా చీలికలున్నాయా అని. లేవన్నాను. నా గోడలో ఉన్నది చీలిక కాదు, వేడికి వచ్చిన గీత.

సెప్టెంబర్ 20, శనివారం

సున్నం విచ్చింది. మళ్ళీ పూసి పిండి బస్తాలు ఆ గోడకి ఆనించాను. బస్తాలకి అక్కడైతే చెమ్మ తగలదు.

సెప్టెంబర్ 22, సోమవారం

ఇస్మిని బస్సు కోసం నిలబడి ఉంటే లోపలికి పిలిచాను. ఎందుకు పిలిచానో తెలియదు. బస్తాలు జరిపాను. ఆవిడ వేలితో గీత పొడవునా తడిమి చూసి, పట్టీ అతికించింది.

"ఇది ఇక్కడుందని ఎవరికీ చెప్పకండి" అన్నాను.

"ఎందుకు?"

"మా అన్నయ్య ప్రెసిడెంటు."

ఆవిడ సంచి సర్దుకుని వెళ్ళింది. బస్తాలు మళ్ళీ పెట్టాను, గాజుకి తగలకుండా కొంచెం ఎడంగా.

సెప్టెంబర్ 26

వాన.

సెప్టెంబర్ 27

వాన. మరిగో పెద్దమ్మ కిందికి రాలేదు. రొట్టె నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. తలుపుకి తాడు కట్టుకుని పడుకుంటోంది.

సెప్టెంబర్ 29, సోమవారం

పొద్దున లేచేసరికి ఊళ్ళో గొడవ. పైవాడలో గాజు పట్టీలు పగిలిపోయాయి. అన్నీ కాదు గానీ, సగానికి పైగా.

నీలంవాళ్ళు పగలగొట్టి మా రోడ్డు మీద నింద వేస్తున్నారని అన్నయ్య మనుషులు. సాక్ష్యం మిగలకుండా పచ్చవాళ్ళే పగలగొట్టారని లాంబ్రోస్ మనుషులు. కూడలిలో రెండు గుంపులుగా నిలబడి అరుచుకున్నారు. మిగిలిన పట్టీల్లో కొన్నింటికి ఎవరో పచ్చ రంగు పూశారు, కొన్నింటికి నీలం. మధ్యాహ్నానికి అవీ మిగల్లేదు. ఈసారి రాళ్ళతో కొడుతుంటే నేనే చూశాను, రెండు వైపులవాళ్ళూ కొట్టారు.

పగలగొట్టిందెవరు, పగలగొట్టిందెవరు అని రోజంతా వింటూనే ఉన్నాను. మొదట విరిగినవి కొండే విరిచిందేమో అని ఒక్కరూ అనలేదు. నేనూ అనలేదు.

నా పట్టీ బాగానే ఉంది.

అక్టోబర్ 1, బుధవారం

ఇస్మిని వచ్చి గోడలన్నీ చూసింది. కూడలిలో రాతి అరుగు మీద కూర్చుని తల పట్టుకుంది. అన్నయ్యా లాంబ్రోస్ చెరోపక్క నిలబడ్డారు.

"ఏది కొండ విరిచిందో, ఏది మీరు విరిచారో నేనెలా చెప్పను? దీంతో నేను ఏమని రాయాలి?"

"వాళ్ళు విరిచారని రాయండి" అన్నాడు అన్నయ్య.

"రోడ్డు వల్ల విరిగాయని రాయండి" అన్నాడు లాంబ్రోస్.

ఆవిడ ఇద్దరినీ చూసింది. "నా ఉద్దేశం అడిగితే వానలు తగ్గేదాకా పైవాడ ఖాళీ చేయించండి. ఆర్డరు తేవాలంటే పైఅధికారులు రుజువు అడుగుతారు. ఆ రుజువే మీరు రాళ్ళు పెట్టి కొట్టారు."

ఖాళీ అనగానే లాంబ్రోస్ గొంతు పెరిగింది. పైవాడ అంటే దాదాపు అంతా నీలం ఓట్లే. "ఎన్నికల ముందు మావాళ్ళని ఊరు దాటించి పెట్టెల్లో పచ్చ కాగితాలు నింపుకుంటారన్న మాట. ఒక్కరు కదలరు, చూసుకోండి."

అన్నయ్య ఊరుకున్నాడు. ఖాళీ చేయిస్తే రోడ్డు తప్పని ఒప్పుకున్నట్టవుతుంది కదా. ఇన్నేళ్ళ తర్వాత ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు: ఎవరూ కదలకూడదు.

నేను రొట్టెల బుట్టతో అక్కడే నిలబడి ఉన్నాను. ఇస్మిని నా వంక చూసింది. నాది ఇంకా విరగలేదు అన్నట్టు తల అడ్డంగా ఊపాను.

అక్టోబర్ 6, సోమవారం

రెండో వాయి తీస్తున్నాను. బస్తాల వెనక చిన్న చప్పుడు, ఎండుపుల్ల విరిగినట్టు.

ఆ గదిలోకి నేను తప్ప ఎవరూ రారు.

పిండి చేతులతోనే పంచాయతీ ఆఫీసుకి వెళ్ళి అన్నయ్యని పక్కకి పిలిచి చెప్పాను. తలుపు దగ్గరగా వేసి, కుర్చీలో కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

"నీ బట్టీ వేడికి విరిగి ఉంటుంది."

"నేనూ నెలనుంచి అదే అనుకుంటున్నాను అన్నయ్యా."

"చూడమ్మా, ఇప్పుడు ఇది బయటికొస్తే, ప్రెసిడెంటు చెల్లెలి గోడే చీలిందని వాడు బాకా పట్టుకుని ఊదుతాడు. ఆదివారం దాకా ఆగు. సోమవారం పొద్దున నేనే దగ్గరుండి పైవాడ దింపిస్తాను, అమ్మ మీద ఒట్టు."

అన్నయ్య అబద్ధాలకోరు కాదు. సోమవారం నిజంగానే దింపిస్తాడు. ఆదివారం ఎంతో దూరం లేదు.

అక్టోబర్ 7

రాయడానికి ఏమీ లేదు.

అక్టోబర్ 8

పిండి బాగా పొంగింది ఇవాళ. వాన పడుతూనే ఉంది.

అక్టోబర్ 9, గురువారం

గీతలో నా వేలు పట్టింది.

ఇస్మినికి ఫోన్ చేయాలి. ఊళ్ళో ఫోన్లు మూడు: పంచాయతీ ఆఫీసులో, పచ్చ కొట్టులో, నీలం కొట్టులో. ఆప్రన్ విప్పకుండానే నీలం కొట్టులోకి నడిచాను. పేకాట ఆగిపోయింది. ప్రెసిడెంటు చెల్లెలు ఆ గడప తొక్కడం వాళ్ళు ఊహించలేదు. లాంబ్రోస్ ఫోన్ నా ముందుకు తోశాడు.

అందరికీ వినపడేలా చెప్పాను. "నా గాజు విరిగింది. బేకరీలో, బస్తాల వెనక. ఎవరూ ముట్టుకోలేదు. సోమవారమే విరిగింది."

అవతల ఇస్మిని గబగబా చెప్పింది. "పైవాడవాళ్ళని ఇవాళే దించండి. నేను కాగితాల కోసం ఆగకుండా వస్తాను, కానీ బస్సు రేపు మధ్యాహ్నానికి గానీ లేదు. మీరు ముందు దించండి."

ఫోన్ పెట్టేశాను. లాంబ్రోస్ నన్ను బయటిదాకా సాగనంపాడు. గొంతు తగ్గించి అన్నాడు, "వదినా, నువ్వు చెప్పావు కాబట్టి నమ్ముతున్నాను. కానీ ఇప్పుడు వాళ్ళు చెల్లాచెదురైతే మళ్ళీ ఓటుకి రారు. ఆదివారం దాకా ఆగు. మూడు రోజులు."

అన్నయ్య మాటే. అక్షరం కూడా మారలేదు.

బేకరీకి వెళ్ళి బట్టీ ఆర్పి, మెట్లెక్కి మరిగో పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. మూట కట్టి పెట్టుకుని ఉంది. హమ్మయ్య అనుకున్నాను. కానీ మూట మీదే కూర్చుంది, లేవలేదు.

"లాంబ్రోస్ ఇందాకే వచ్చి వెళ్ళాడే. నేను కదిలితే పైవాడ అంతా కదులుతుందట. ఆదివారం దాకా ఉండమ్మా అని చెయ్యి పట్టుకున్నాడు. వాడు నన్ను ఏదైనా అడిగి ఎన్నేళ్ళైందో తెలుసా నీకు?"

ఎంత చెప్పినా అదే మాట. చివరికి నన్నే ఓదార్చి పంపింది.

సాయంత్రం కంచరగాడిదని అడిగి తెచ్చి పిండి తొట్టి దాని మీదికి ఎక్కించాను. ఏటికి అవతల మఠంలో పాత రాతి బట్టీ ఉంది, పండగలకి తప్ప వెలిగించరు. సన్యాసినమ్మలు సరేనన్నారు. రెండు కొట్లవాళ్ళూ బయటికి వచ్చి చూస్తూ నిలబడ్డారు. ఎక్కడికి అని ఎవరో అడిగారు.

"రేపటినుంచి రొట్టె మఠం దగ్గర. కావాల్సినవాళ్ళు ఏరు దాటి రండి, పిల్లల్ని కూడా తీసుకుని రండి. ఈ గోడ కింద నేనింక రొట్టె కాల్చను."

అన్నయ్య ఆఫీసు కిటికీలోంచి చూశాడు. నేను ఆగలేదు.

అక్టోబర్ 14, మంగళవారం

ఇప్పటికి రాయడానికి కుదిరింది.

శుక్రవారం మఠం దగ్గర మొదటి వాయి, రెండో వాయి అని లేకుండా జనం ఒక్కసారే వచ్చారు. అంత దూరం వచ్చాక ఎవరు వెళ్ళిపోయేదాకా ఎవరు ఆగుతారు. పచ్చావిడ ముందు, నీలాయన వెనక, వానలో ఒకే చూరు కింద దగ్గరదగ్గరగా నిలబడ్డారు. పైవాడ ఆడవాళ్ళు చాలామంది పిల్లల్నీ, మూటల్నీ కూడా తెచ్చుకున్నారు. రొట్టె కోసమే వచ్చాం అన్నారు. మూటలెందుకని నేను అడగలేదు.

మధ్యాహ్నం కావస్తుండగా చప్పుడైంది. ముందు కుక్కలు, తర్వాత కంకర పోసినట్టు, ఆ తర్వాత వర్ణించలేను. చూస్తుండగా చర్చి గంట స్తంభం నడుచుకుంటూ కిందికి వచ్చింది. దాని వెనక పైవాడ వచ్చింది. నా బేకరీ, రెండు కాఫీ కొట్లూ, కొత్త రోడ్డూ మట్టి కింద పోయాయి. కాఫీ కొట్లలో ఉన్నవాళ్ళు చప్పుడు విని బడివైపు పరుగెత్తి బతికారు.

లెక్క చూసుకుంటే ఒక్క మనిషే తక్కువైంది.

అన్నయ్యా లాంబ్రోస్ ఇద్దరూ పెద్దమ్మ ఇల్లుండాల్సిన చోట చేతులతో తవ్వుతున్నారు. పారలు వచ్చాయి, మిగతావాళ్ళం చేరాం. ఇస్మిని కూడా బస్సు దిగి నేరుగా వచ్చి పార పట్టింది. సాయంకాలం అవుతుండగా గోడ ముక్క ఒకటి బయటపడింది. దాని మీద జిప్సం మరక, విరిగిన గాజు ముక్క ఇంకా అతుక్కునే ఉంది. లాంబ్రోస్ తవ్వడం ఆపేశాడు.

"దీన్ని నేనే పగలగొట్టాను బావా" అన్నాడు. "మిగతావి ఎవరు విరిచారో నాకు తెలీదు. అమ్మ గోడది మాత్రం నేనే. ఇది కూడా విరిగితే రోడ్డు వల్లేనని జనం నమ్ముతారని."

అన్నయ్య అతని వంక చూడలేదు. చేతులు నెత్తురోడుతున్నాయి.

"ఆ రాయి ఇటు తొయ్యి" అన్నాడు.

ఇంకాస్త తవ్వాక పెద్దమ్మ దొరికింది. మూట పక్కనే ఉంది.

నిన్న పాతిపెట్టాం. శ్మశానం కింది ఒడ్డున ఉంది, దానికేమీ కాలేదు. ఎన్నికలు వాయిదా వేశారట. ఆదివారం ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయిందో ఎవరికీ గుర్తు లేదు.

అక్టోబర్ 15

మంగళవారం, బుధవారం, గురువారం. ఆ మూడు రోజులు.

సోమవారమే చెప్పి ఉంటే పెద్దమ్మ వినేదేమో. అప్పటికి లాంబ్రోస్ ఇంకా వెళ్ళి అడగలేదు.

అక్టోబర్ 25, శనివారం

మఠం పొలంలో గుడారాలు. అన్నయ్య రాజీనామా రాసి పంపాడు. ఆ సంగతి నాతో చెప్పి, చాలాసేపు బట్టీ దగ్గర చలి కాచుకుంటూ కూర్చున్నాడు. నువ్వు నా మాట వినకుండా ఉండాల్సింది అన్నాడు. మూడు రోజులు విన్నానన్నాను. వెళ్తూ కట్టెలు కొట్టి పెట్టి వెళ్ళాడు.

నవంబర్ 3, సోమవారం

అప్పుడే మొదలైంది. కొత్త ఊరు కట్టుకోవడానికి ప్రభుత్వం రెండు స్థలాలు చూపించింది, ఏటి మలుపు దగ్గర ఒకటి, బాదం తోటల పైన ఒకటి. వారం తిరక్కుండా మలుపు పచ్చ అయిపోయింది, తోటలు నీలం. రెండు ఊళ్ళు కట్టుకుంటే పీడా పోతుందని ఒకడన్నాడు. అతని పేరు ఇక్కడ రాయను.

రెండు వైపుల గుడారాలనుంచీ పెద్దమనుషులు వేరువేరుగా నా దగ్గరికి వచ్చారు. బట్టీ ఎక్కడ కడితే జనం అక్కడికే వస్తారని వాళ్ళకి తెలిసిపోయింది. మర్యాదగా, వదినా, అక్కా అంటూ మాట్లాడారు.

"నేను కాలు పెట్టే నేల గట్టిదో కాదో ఇస్మినిగారు చెప్పాలి. ఆవిడ చెప్పినచోట కడతాను" అన్నాను.

"ఆవిడ ఎప్పుడు చెప్తుందో. గుంతలు తవ్వి చూడాలంటుంది, కూలీలు రావాలంటుంది. చలికాలం నెత్తి మీదికి వచ్చేసింది."

వెనక నుంచి లాంబ్రోస్ మాట వినపడింది. పెద్దమ్మ పోయాక అతను జనంలో నోరు విప్పడం అదే మొదటిసారి. గడ్డం మాసి ఉంది. "కూలీలు ఎందుకు? మనకి చేతుల్లేవా" అన్నాడు.

నవంబర్ 8, శనివారం

బాదం తోటల పైన ఇవాళ మూడో గుంత. ఇస్మిని చూపించిన చోట, ఆవిడ చెప్పినంత లోతు. నేను రొట్టె, ఆలివ్ కాయలు, ఉల్లిపాయలు తీసుకుని ఎక్కేసరికి గుంతలో అన్నయ్యా లాంబ్రోస్ నడుము లోతున ఉన్నారు. పైన ఇరవైమందిదాకా నిలబడ్డారు. ఎవరు ఏ కొట్టువాళ్ళో నాకు తెలుసు గానీ, మట్టి కొట్టుకున్న బట్టల్లో ఇవాళ చూడగానే పోల్చుకోలేకపోయాను.

అన్నయ్య పిడికెడు మట్టి తీసి నలిపాడు. "ఇది రాతినేల. చూడు, పొడిపొడిగా ఉంది. ఇక్కడే కడదాం."

"పొడిగా ఉన్నది పైపైనే" అన్నాడు లాంబ్రోస్. "ఇక్కడ చూడు, నీలిమట్టి పొర. చెయ్యి పెట్టు. సబ్బులా జారుతోంది."

"అది వేలెడు మందం కూడా లేదు."

"మా అమ్మ ఇంటి కింద ఎంత మందం ఉందో నువ్వు కొలిచావా?"

అన్నయ్య మొహం ఎర్రబడింది. తర్వాత అన్నయ్య వంగి, వేళ్ళు ఆ పొరలోకి పోనిచ్చి, నెమ్మదిగా అన్నాడు, "కొలవలేదు. ఇంకో రెండడుగులు తవ్వుదాం. కింద కూడా ఉంటే ఇక్కడ వద్దు."

"రెండు చాలవు. నాలుగు."

"నాలుగు ఎందుకురా, నీళ్ళు ఊరతాయి."

"ఊరనీ. ఊరితే అదీ తెలుస్తుంది."

ఇస్మిని గట్టు మీద కూర్చుని ఇద్దరినీ వింటోంది, జోక్యం చేసుకోలేదు. పైన ఉన్నవాళ్ళు కూడా అందుకున్నారు. నాలుగు అని కొందరు, మూడు చాలని కొందరు, ఇంకో గుంత ఆ పక్కన తవ్వి చూడాలని ఒకావిడ. గొంతులు పెరిగాయి. చేతులు ఊపారు. ఎండ వాలేదాకా వాదించుకున్నారు, మట్టి చేతులతోనే రొట్టె తుంచుకుని తింటూ.

బుట్ట ఖాళీ అయ్యాక నేనూ దిగి ఆ పొరని ముట్టుకుని చూశాను. చల్లగా, జారుడుగా ఉంది. నాలుగడుగులే మంచిదని చెప్పాను.